రాజేశం రక్తంలో నేను లెక్కపెట్టినవి

నేను ఒక లెక్కల పెట్టెను. ఇనుప ఒళ్లు, ఐదు మీటలు, లోపల చిన్న గంట. మైక్రోస్కోపులో రక్తం చూస్తూ, కనబడిన తెల్లకణం ఏ రకమైతే ఆ మీట నొక్కుతారు. నూరు కాగానే గంట కొడతాను. అంతకు మించి నాకు చదువు లేదు.

నా మొదటి యజమానిది ప్రైవేటు ల్యాబు. నా మీద టీ గ్లాసు పెట్టుకుని, స్లైడు ముట్టకుండానే రిపోర్టులు రాసిపారేసేవాడు. చిత్రమేమిటంటే, జనం ఆ కాగితాలనే కళ్లకద్దుకునేవారు. ఆ ల్యాబు మూతపడ్డాక ఒక ఆస్పత్రికి చేరి, స్వరూప చేతిలో పడ్డాను. ఆమె నిజంగా లెక్కపెట్టే మనిషి. అనుమానమొస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

మరమగ్గాల మీద పనిచేసే రాజేశం, మెదడులో నరం చిట్లి ఆ ఆస్పత్రిలో చేరాడు. మొదటి రోజు రక్తంలో నా రెండో మీట, అంటే లింఫోసైట్లది, ఇరవై ఎనిమిది సార్లు దిగింది. మూడో రోజుకు ఏడే. స్వరూప మళ్లీ లెక్కపెట్టింది. ఏడే. తలలో రక్తం చిమ్మితే కొందరికి ఒంట్లో కాపలా అంతా సడలిపోతుందని డాక్టరు ఆమెకు చెబుతుంటే విన్నాను. ఇక ఊపిరితిత్తుల్లోకి ఏ క్రిమి దూరినా ఆపే దిక్కుండదట. పైగా అతనికి మింగడం రావడం లేదు. ముక్కులో గొట్టం వేసి, నోట్లో చుక్క కూడా పోయొద్దని ఇంటివాళ్లకు చెప్పారు.

అతని భార్య భూదేవి మా ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చింది.

"రక్తం ఎట్లున్నది బిడ్డా?"

"కణాలు తగ్గినయమ్మా," అంది స్వరూప, తల ఎత్తకుండానే. ఇంకా పదకొండు స్లైడులున్నాయి.

ఏ కణాలో ఈమె చెప్పలేదు, ఆమె అడగలేదు. లెక్కలో అంత జాగ్రత్తపడే మనిషి మాట దగ్గర తొందరపడింది. నాకిప్పటికీ కోపమే.

ఆరో రోజు తెల్లకణాలు మొత్తం ఇరవై రెండు వేలని, మామూలుకు రెట్టింపని తేలింది. వార్డునుంచి రక్తంతో వచ్చిన చీటీ మీద నిమోనియా అని ఉంది. నా మొదటి మీట, అంటే ఒంట్లో క్రిమి ముదిరితే పెరిగే న్యూట్రోఫిల్లది, ఆగకుండా దిగింది. రెండోది మూడుసార్లు.

"ఇయ్యాల పెరిగినయా?" కిటికీలోంచి భూదేవి.

"పెరిగినయ్, కానీ అమ్మా..."

"నేననుకున్న! మా మరిదికి డెంగీ వచ్చి కణాలు పడిపోతే బొప్పాయాకు రసమే పోసినం, లేచి కూసున్నడు. ఈయనకూ నర్సమ్మ చూడకుంట చెంచతోని పోస్తున్న, మూడు దినాల సంది. చేదుకు దగ్గుతడు గని, మింగుతున్నడు."

స్వరూప కుర్చీ తన్నుకుని వార్డుకు పరుగెత్తింది. లెక్క సగంలో ఆగిపోయింది.

మరునాడు మధ్యాహ్నం రాజేశం పోయాడు. శవాన్ని వార్డునుంచి తీసుకెళ్తుంటే భూదేవి మా కిటికీ దగ్గర ఆగింది. స్వరూప లేచి నిలబడింది.

"పెరిగినయంటివి గద, బిడ్డా?"

నిందించడానికి కాదు. నిజంగా అర్థం కాక అడిగింది.