గళ్ళాయన ప్యాకెట్టు

స్కేలు అంచుకు పెన్సిలు ఆనించి గళ్ళాయన ఏడో నిలువు గీత లాగాడు. తలెత్తి కిటికీలోంచి గేటు వైపు చూశాడు. తల దించి ఎనిమిదో గీత లాగాడు. మళ్ళీ గేటు. శుక్రవారం పొద్దున గీతలు గీయడం ఆయనకు ఇరవై ఆరేళ్ళ అలవాటు. గేటు వైపు చూడటం మాత్రం ఈ మూడు వారాల ముచ్చట.

ఆయన బస్సు డిపోలో డ్యూటీ గుమాస్తా. నలభై ఒక్క బస్సులు, తొంభై ముగ్గురు డ్రైవర్లు. ఏ రోజు ఎవరు ఏ బండి ఎక్కాలో, ఎన్నింటికి దిగాలో పెద్ద కాగితం మీద గళ్ళు గీసి నింపి, శనివారం మధ్యాహ్నానికల్లా బోర్డుకు అంటించాలి. అందుకే డిపో అంతటికీ ఆయన గళ్ళాయన. అసలు పేరొకటి ఉంది గానీ అది జీతం పట్టీ దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. సన్నటి మనిషి, చొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ పెన్సిలు మసి. చిటికెన వేలు పక్కన కాగితానికి రాసుకుని రాసుకుని చర్మం గట్టిపడింది.

ఏడాదిగా ఆ గళ్ళు ఆయన మాట వినడం లేదు. చూస్తుండగానే ఒక గడి పక్క గడిలోకి జారిపోతుంది, అంకెల మధ్య మసక పేరుకుంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆవిడకు కూడా చెప్పలేదు. గ్లాసు పక్కన టీ పోసిన రోజే ఆవిడకు తెలిసిపోయింది, అది వేరే విషయం. మూడు వారాల కిందట ఒకే డ్రైవరును రెండు బండ్లకు రాసేశాడు. పొద్దుటి మొదటి బండి జనంతో నిండిపోయి, డ్రైవరు లేక ముప్పావు గంట నిలబడిపోయింది. మేనేజరు కోప్పడలేదు. నవ్వి, “కళ్ళు అలిసిపోతే చెప్పండి, లగేజీ గదిలో కూర్చోబెడతాను. అక్కడ రాతపని ఉండదు” అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు. గళ్ళాయన మాత్రం దాన్ని సరదాగా తీసుకోలేకపోయాడు. ఈ కుర్చీ పోతే తన దగ్గర మిగిలేదేమిటో ఆయనకు తోచలేదు.

సరిగ్గా ఆ వారమే మంగలి షాపులో పత్రిక తిరగేస్తుంటే ఆ ప్రకటన కనిపించింది. మీ సిబ్బంది డ్యూటీలు ఐదు నిమిషాల్లో! మొదటి ఐదు వందల మందికి సాఫ్ట్‌వేరు పూర్తిగా ఉచితం! ఉచితమంటే ఆమడ దూరం జరిగే మనిషి, ఆ కూపను కత్తిరించి ఇమ్మని మంగలిని బతిమాలుకున్నాడు. తప్పుల్లేని చార్టు యంత్రం వేసి పెడితే తన కళ్ళ సంగతి ఇంకెవరికి కావాలి? రిటైరయ్యే దాకా రెండేళ్ళు చల్లగా గడిచిపోతాయి. గుండ్రటి అక్షరాలతో కూపను నింపాడు. ఈమెయిలు అని ఒక గడి కనిపిస్తే, గడి ఖాళీగా వదలడం చేతకాని మనిషి కాబట్టి, డిపో గేటు బోర్డు మీదున్నది చూసి రాసి పోస్టులో వేశాడు. ఆ రోజు నుంచి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు.

పది దాటాక పోస్టుమ్యాను సైకిలు దిగాడు.

“వచ్చిందా?”

“కరెంటు బిల్లు, రెండు సర్క్యులర్లు. మీ ప్యాకెట్టు రాలేదండీ. వస్తే నేను దాచుకుని ఏం చేసుకుంటాను? నాకేమైనా బస్సులున్నాయా?”

“గట్టి అట్ట ఉంటుంది. వంచకూడదు.”

“వంచనండీ. మొన్నా వంచననే చెప్పాను, నిన్నా చెప్పాను.”

సైకిలు గేటు దాటింది. గళ్ళాయన ముఖం చిన్నబోయింది. ఎంక్వైరీ కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి సర్క్యులర్ల కోసం వచ్చి ఇదంతా వింటూ నిలబడింది.

“ఏం ప్యాకెట్టు బాబాయ్ గారూ?”

చెప్పాడు. ఆ అమ్మాయి మొదట నవ్వు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేకపోయింది.

“సాఫ్ట్‌వేరు ఇప్పుడు పోస్టులో ఎవరు పంపుతారండీ? మెయిల్లో వస్తుంది. కూపన్లో మెయిలు అడగలేదా?”

“అడిగారు. గేటు బోర్డు మీదిది రాశాను.”

గదిలో మూలనున్న కంప్యూటరు మీద గుడ్డ తీసి ఆ అమ్మాయి డిపో మెయిలు తెరిచింది. పనికిరాని ఉత్తరాల కుప్పలో, లాటరీ తగిలిందని ఊరించే రెండు ఉత్తరాల మధ్య అది దొరికింది. వచ్చి పంతొమ్మిది రోజులైంది. గడువు ఇంకా పదకొండు రోజులుంది. గళ్ళాయన బల్ల నుంచి ఆ మూలకు ఆరడుగులు. రోజూ పొద్దున ఆయన గొడుగు ఆనించేది ఆ కంప్యూటరు బల్లకే.

“ఇన్నాళ్ళూ పాపం ఆ పోస్టుమ్యానును అనుమానించాను” అన్నాడు చివరికి.

ఆ అమ్మాయి కౌంటరు పక్కతనికి అప్పజెప్పి వచ్చి కూర్చుంది. సాఫ్ట్‌వేరు ఎక్కించింది. అది ముందు బండ్లు అడిగింది, తర్వాత డ్రైవర్ల నంబర్లు అడిగింది. ఆ పైన, ఎవరి విషయంలో ఏం పాటించాలో చెప్పమంది. గళ్ళాయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఏ కాగితమూ తెచ్చుకోలేదు.

“రాయి. ముప్పై రెండో నంబరు డ్రైవరుకు పొద్దుటి మొదటి బండి వద్దు. వాళ్ళావిడ ఆసుపత్రిలో రాత్రి నర్సు. ఆవిడ ఇంటికొచ్చే దాకా చంటిపిల్లను వాడే చూసుకోవాలి.”

“రాశానండీ.”

“ఏడు, పదకొండు ఒకే రూట్లో వద్దు. అన్నదమ్ములు. ఇల్లు పంచుకున్నప్పటి నుంచి మొహాలు చూసుకోవడం లేదు.”

“కలిసిపోతే?”

“అప్పుడు తీసేద్దాం. యాభై నాలుగుకు వంతెన దాటే బండి ఇవ్వకూడదు. అక్కడ ఒకతను బండికి అడ్డంగా పడ్డాడు. బతికాడు గానీ, వీడికి ఆ వంతెన ఎక్కితే ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి.”

“మేనేజరు గారికి తెలుసా?”

“నాకు తెలుసు, చాలదూ?”

అలా ఒంటిగంట దాటింది, రెండు దాటింది. ఎవరి తల్లికి ఏయే రోజుల్లో డయాలసిస్, ఎవరి కొడుక్కి పరీక్షలు, ఎవరు ఏ కండక్టరుతో వెళితే నోరు జారతాడు, అన్నీ ఆయన నోటి చివరే ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళు ఎక్కడా రాయనివి ఆ పూట వరసగా తెర మీదికెక్కాయి. చెబుతున్నంతసేపూ ఆయనకు సంతోషంగా ఉంది. ఇంత తెలుసునని ఆయనకే తెలియదు.

“ఇరవైకి చీకటి పడ్డాక బండి వద్దు, ఇంకో రెండు నెలలు. కంటికి ఆపరేషనైంది. నేనే పంపించాను. ఉద్యోగం పోతుందేమోనని ముందు చెప్పకుండా దాచాడు. బుద్ధి ఉండక్కర్లా? కళ్ళతో ఆటలా అని చీవాట్లు పెట్టి పంపించాను.”

ఆ అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి.

“మరి మిమ్మల్ని ఎవరు పంపిస్తారు బాబాయ్ గారూ?”

ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

“పొద్దుటి నుంచి తెర వైపే చూస్తున్నారు. నేను నాలుగు చోట్ల నంబర్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను. మీరు ఒక్కటీ పట్టుకోలేదు.”

షెడ్డులో ఎవరో ఇంజను స్టార్టు చేసి ఆపారు. గళ్ళాయన చిటికెన వేలు పక్క గట్టిపడ్డ చర్మాన్ని బొటనవేలితో రుద్దుకున్నాడు. “రాయమ్మా. ఇంకో పది మంది ఉన్నారు” అన్నాడు.

మూడున్నరకు అయిపోయింది. మొత్తం నూట ఆరు వరసలు. ఆ అమ్మాయి మీట నొక్కింది. ఆయన దగ్గి గొంతు సవరించుకునే లోపు వారం చార్టు వచ్చేసింది. ఒక్కొక్క గడీ చదవమని, కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక్క తప్పయినా ఉంటే బాగుండునని అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. తప్పు లేదు. తన కుర్చీని కాపాడుతుందనుకున్నది, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా చార్టు వస్తుందని నిమిషంలో చూపించేసింది. బాధగానే ఉంది. ఆ బాధ పక్కనే, ఏడాదిగా మోస్తున్న మూట దించినట్టు ఒళ్ళు తేలికగానూ ఉంది.

లేచి మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

“నాకు కళ్ళు కనిపించడం లేదండీ. ఏడాదైంది.”

మేనేజరు కలానికి మూత పెట్టాడు. “అయితే ఆ రోజు మొదటి బండి…”

“అందుకేనండీ. సెలవు ఇప్పించండి, డాక్టరుకు చూపించుకుని ఆపరేషను చేయించుకుంటాను. చార్టు ఆ ఎంక్వైరీ అమ్మాయి వేస్తుంది, అన్నీ చెప్పాను.”

“తిరిగొచ్చాక మళ్ళీ మీ కుర్చీలోనే…”

“వద్దండీ. లగేజీ గది చాలు. అక్కడ సంచులు పెద్దవిగా ఉంటాయి, కనిపిస్తాయి.”

ఇద్దరూ నవ్వారు, మేనేజరు కొంచెం ఆలస్యంగా. నాలుగు గంటల బండికి గళ్ళాయన ఇంటికి బయల్దేరాడు. వెలుతురుండగా ఇల్లు చేరడం ఎన్నేళ్ళ తర్వాతో ఆయనకు గుర్తు రాలేదు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మసకలోనే ఊరు వెనక్కి జరుగుతూ పోయింది.

సోమవారం పొద్దున ఆ అమ్మాయి ఆయన బల్ల దగ్గర కూర్చోబోతే మోకాళ్ళు సొరుగుకు తగిలాయి. వంగి చూసింది. కుర్చీ మీద, పురికొసతో కట్టిన మూడు పాత చార్టుల పుస్తకాలు పేర్చి ఉన్నాయి. పక్కన నిలబడితే ఆయన తన భుజం దాకానే వస్తాడని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అందరికీ బల్ల వెనక కూర్చునే కనిపించిన మనిషి. పుస్తకాలను రెండు చేతులా ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టింది. పై అట్ట మీద రంగు ఎప్పుడో పోయింది. ఆయన కూర్చున్న మేర కాస్త పల్లమై, నున్నగా మెరుస్తోంది.