చేప వెనక దిబ్బ

బుడుంగు నాకు చేసిన అన్యాయం బయట చెబితే జనం నవ్వుతారు. ఫొటోలు కత్తిరించి పంపాడు, అంతే. కానీ ఏడాది పొడవునా కత్తిరించాడు. మా ఆవిడకి సొంత తమ్ముడై ఉండి, నీళ్లలో ముక్కు మూసి చెవులు వదులు చేసుకోవడం దగ్గర్నుంచి నా దగ్గరే నేర్చుకుని, చివరికి నాకే చేశాడు.

పగడపు దిబ్బల మీద ఏయే చేపలు తిరుగుతున్నాయో లెక్క తీసే ఆఫీసు మాది. వాడు కెమెరాతో దిగుతాడు. నేను గదిలో కూర్చుని, ఫొటోలో ఉన్నది ఏ చేపో తేల్చి పేరు పెడతాను. ఒకప్పుడు దిగేవాణ్ణి నేనే. ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు పడ్డాక డాక్టరు, "ఇక బకెట్లో తల ముంచాలన్నా నన్నడిగి ముంచు" అన్నాడు. అప్పటినుంచి నా సముద్రం ఈ కంప్యూటర్ తెర మీద ఉన్నంతే. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, దాని మీద ఆరేసిన రబ్బరు సూట్ల వాసన. బయట సిలిండర్లలో గాలి నింపే యంత్రం దడదడలాడితే చాలు, కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

పేరు పెట్టాలంటే చేప పక్కకు తిరిగి, రెక్కలు విప్పి, ఫొటో నిండా ఉండాలి. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఎరుపుని మింగేస్తాయి కాబట్టి రంగుని నమ్మకూడదు. చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడాలి. అందుకని చుట్టూ ఉన్నదంతా కోసేసి పంపడం పద్ధతి. పద్ధతి నాకూ తెలుసు. కానీ నాకు కావలసింది ఆ కోసేసిన ముక్కే. అందులో నా దిబ్బ ఉంటుంది. బడి మానేసి పడవెక్కిన వయసులో దాన్ని మొదట చూసింది నేను. కొమ్ములు కొమ్ములుగా లేచిన పగడాల మధ్య గొడుగులా పరుచుకున్న పెద్ద పళ్లెం పగడం ఒకటుండేది. దాని నీడలో కదలకుండా తేలుతూ ఉండేవాణ్ణి. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కారు.

"ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, కొయ్యకుండా పంపరా" అని బతిమాలాను.

"దిబ్బకి పేరు పెట్టమని నీకెవరు జీతమిస్తున్నారు బావా?" అని నవ్వేసేవాడు. ఇంకోసారి, "దూరం నుంచి తీస్తే అంతా మసకే. నీళ్లు బాగోలేవు."

చేపల్ని చూసే సరిపెట్టుకున్నాను. పైగా సంబరపడ్డాను. ఈ ఏడాది చిలక చేపలు మందలు మందలుగా వచ్చాయి. తోక పక్కన చాకులాంటి ముల్లుండే చేపలైతే ఎక్కడ చూసినా అవే. "నా దిబ్బ కిటకిటలాడిపోతోందే!" అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ నాకు భోజనం తెచ్చి, భుజం మీదుగా తెర చూసింది.

"మీ జంట కనబడ్డం లేదేమిటి ఈమధ్య?"

"ఏ జంట?"

"అదేనండీ, పసుపు చేపలు. మూతి సున్నాలా పెట్టుకుని పక్కపక్కనే తిరుగుతాయే. మనకంటే నయం, పోట్లాడుకోవు అనేవారుగా."

సీతాకోక చేపలు. ఆ రకం బతికున్న పగడాన్ని తప్ప మరొకటి ముట్టదు. చిలక చేపలు మందగా దిగేది పాచి కోసం. పాచి పట్టేది చచ్చిన పగడం మీద. ఇంకెవరి దిబ్బయినా అయితే మొదటి వారమే చచ్చిందని చెప్పేసేవాణ్ణి. నాది కాబట్టి మందని చూసి మురిసిపోయాను.

బుడుంగు పెరట్లో సూటు విప్పుతుంటే పట్టుకున్నాను.

"ఎప్పుడు పోయిందిరా?"

ఏది అని వాడు అడగలేదు. "పోయిన ఎండాకాలం. నీళ్లు కాగిపోయాయి బావా. ముందు తెల్లబడింది. ఆ తర్వాత..."

"చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"ఆ ఫొటోల కోసం నువ్వు మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తుంటే, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఆ మొహమే పెట్టుకుని చెప్పాల్సింది. తెల్లబడినప్పుడు దానికింకా ప్రాణం ఉంటుందిరా. అప్పుడైనా చూసుకునేవాణ్ణి."

వాడు కెమెరా నా చేతిలో పెట్టాడు. కొయ్యని ఫొటోలు అందులో ఉన్నాయి. అంతా బూడిద రంగు. కొమ్ములు విరిగి గుట్టపడ్డాయి. పళ్లెం బోర్లా పడి ఉంది. దాని మీద చిలక చేపలు తలలు వంచి గీక్కుతింటున్నాయి, మహా ఆరోగ్యంగా.

"తప్పయిపోయింది బావా" అన్నాడు. నేను క్షమించలేదు, ఈ జన్మకి క్షమించను. ఆ చేపలకి పేర్లు మాత్రం పెట్టాను.

నీ పేరున పట్టా ఉందా, నీకేం పోయింది అంటారు జనం. పట్టా లేదు. పోయిందెంతో చెప్పగలను, చేతులు చాచి నేనే కొలిచిన చోటు. పొడవు పదకొండు బారలు, వెడల్పు నాలుగు బారలు, పైన ఎనిమిది బారల నీళ్లు.