ఏడో పడవ కోసం కూత

కెప్టెన్ లోరిమర్ ఓడ కూత తాడు వదిలేసినప్పుడు నేను అతనికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. పొగమంచులోకి గాలాలు వెయ్యడానికి పోయిన పన్నెండు పడవల్లో పదకొండే ఓడ దగ్గరికి తిరిగొచ్చాయి. ఏడో పడవ రాలేదు. అందులో సిగ్వర్ట్, మెక్‌ఫీ ఉన్నారు. వాళ్ళకి దారి తెలియడానికి ఓడ కూసింది సరిగ్గా రెండు గంటలు.

"శనివారం బోస్టన్ రైలుకి సరుకు అందాలి. హాలిబట్ చేప మెత్తబడితే కంపెనీకి నువ్వు జవాబు చెప్తావా? ఈ కూత ఊరికే రాదు, బొగ్గు తింటుంది," అన్నాడు కెప్టెన్.

ముసలి టోర్లీఫ్ టోపీ చేతిలో నలుపుకుంటూ అడిగాడు. "ఇంకొక్క గంటండి. వాళ్ళు గట్టి మనుషులు. తెడ్లేస్తూనే ఉంటారు."

"గట్టివాళ్ళయితే వాళ్ళే ఒడ్డు చేరతార్లే."

ఓడ దక్షిణానికి తిరిగింది. డెక్ మీద ఇరవై రెండు మందిమి ఉన్నాం. చేతుల్లో కత్తులున్నాయి, నోట్లో నాలుకలున్నాయి. టోర్లీఫ్ తప్ప ఒక్కడూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఆ సిగ్గు నన్ను ఈనాటికీ వదల్లేదు. తలలు వంచుకుని హాలిబట్ల పొట్టలు చీల్చి, మంచు కూరి, వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాం.

వాంకోవర్ రేవులో ఇంకా చేపలు దించుతూనే ఉన్నాం, వడ్రంగి కొత్త పడవ తోసుకొచ్చాడు. దాని ముక్కు మీద తెల్లరంగుతో 7. రంగింకా ఆరలేదు. డెక్ మీద పడవల్ని గిన్నెల్లా ఒకదాంట్లో ఒకటి పేరుస్తాం. ఆ దొంతరలో వెలితి కనబడకూడదని కంపెనీ తొందర.

అప్పుడే వచ్చింది సిగ్వర్ట్ భార్య మాగ్నిల్డ్. హోటలు గుడ్డలుతికే చోటి నుంచి తడి చేతులతోనే వచ్చింది. ఆ అంకె చూసింది. తర్వాత మమ్మల్ని చూసింది.

"కూత ఎంతసేపు?"

"రెండు గంటలు, వదినా," అన్నాను.

"ఆపొద్దని ఎంతమంది అన్నారు?"

అందరం టోర్లీఫ్ వైపు చూశాం.

"ఒక్కడా? మరి మిగతా మగాళ్ళేం చేస్తున్నారు, చేపలకి జోల పాడుతున్నారా?" ఆమె గొంతు పెరగలేదు. "పదకొండు పడవలు ఓడ చుట్టూనే ఉంటే, నా మొగుడొక్కడే అంత దూరం ఎందుకు పోయాడు?"

ఎందుకో నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం యూనియన్ హాల్లో చెప్పాను. మాగ్నిల్డ్ గుమ్మంలో నిలబడి విన్నది.

"పలక వల్ల. ఏ పడవ ఎన్ని చేపలు తెచ్చిందో కెప్టెన్ పలక మీద రాస్తాడు. వరసగా రెండు ప్రయాణాల్లో అడుగున ఉన్నవాళ్ళకి పని పోతుంది. పోయినసారి అడుగున ఉన్నది ఏడో పడవ. మన అలవాటు ప్రకారం దాని ముక్కుకి కాడ్ చేప తలకాయని మేకుతో కొట్టాం. కొట్టింది నేనే. 'చేపలెక్కడుంటాయో మీ ఆవిణ్ణడిగి రా' అని కూసిందీ నేనే. మీరంతా నవ్వారు. అందుకే సిగ్వర్ట్ ఎవరూ పోని లోతుకి పోయాడు."

"కెప్టెన్ చేసిన దానికి మనల్ని అంటావేంట్రా?" లావుపాటి ఆస్కర్ లేచాడు. "నా రెక్కల కష్టం నాది. చేతకానోడితో నేనెందుకు పంచుకోవాలి?"

"నీ కష్టం నీదే, ఆస్కరూ," అన్నాడు టోర్లీఫ్. "నీ చావూ నీదే. రేపు నీ పడవ రాకపోతే మేం పొట్టలు చీల్చుకుంటూ కూర్చుంటాం. సరేనా?"

ఆస్కర్ కూర్చున్నాడు. చాలాసేపు ఒకర్నొకరు తిట్టుకున్నాం. చివరికి రెండు మాటలు తేలాయి. పలక ఉండదు, దొరికిన చేప అందరిదీ. ఆఖరి పడవ దొంతరలోకి చేరేదాకా ఓడ కదలదు.

కెప్టెన్ విని నవ్వాడు. "మీకు దిక్కున్న చోట చెప్పుకోండి," అన్నాడు.

మేం ఓడెక్కం అన్నాం. సోమవారానికి మా బదులు ఇరవై నాలుగు మంది కొత్తవాళ్ళని తెచ్చాడు. వాళ్ళూ మాలాంటి వాళ్ళే, ఆకలి మొహాలు, భుజాన సంచులు. వాళ్ళకీ మాకూ మధ్య పోలీసులు. మిట్టమధ్యాహ్నం ఓడ బయల్దేరాలి. బాయిలర్ వేడెక్కి ఉంది.

టోర్లీఫ్, ఆస్కర్ ముందుండి మావాళ్ళందరితో పోలీసుల మీదికి తోసుకెళ్ళారు. ఆ సందులో నేను ఓడెక్కాను. బొగ్గు వేసే డుగ్గన్ కింది నుంచి తల పైకెత్తాడు.

"ఆవిరి ఎంతసేపు కావాల్రా?"

"రెండు గంటలు దాటాలి, అన్నా."

"తాడు కట్టెయ్," అని పార అందుకున్నాడు.

కూత తాడు లాగి, గాలాల తాడుతో బిగించి కట్టేశాను. రేవంతా అదిరింది. పొగమంచులో ఒక్కసారైనా తెడ్డు వేసినవాడికి ఆ కూత అర్థం చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ళు దొంతర కేసి తిరిగి పడవలు లెక్కపెట్టారు. కొత్త రంగున్న ఏడో పడవ దగ్గర వాళ్ళ చూపు ఆగింది. మాగ్నిల్డ్ వాళ్ళ ముందుకొచ్చి, "అది నా మొగుడి పడవ. అందులో ఎవడు కూర్చుంటాడో కూర్చోండి," అని కూతని మించి అరిచింది.

ఒకడు సంచి కింద పెట్టాడు. తర్వాత పక్కవాడు. తర్వాత అందరూ.

పోలీసులు పైకొచ్చేసరికి పావుగంట గడిచింది. లాఠీతో నా మోచెయ్యి విరగ్గొట్టి, తాడు కోసేశారు. కూత ఆగింది. కెప్టెన్ నా మొహంలో మొహం పెట్టి, "అయిపోయిందా నీ పాట?" అన్నాడు.

నేను జవాబు చెప్పే లోపే పక్కనున్న హాలిబట్ ఓడ కూత అందుకుంది. దాని తర్వాత రేవు అవతల ఉన్న ఓడ. బేడీలతో నన్ను పోలీసు బండెక్కించినప్పుడు ఎన్ని కూస్తున్నాయో లెక్క తెలియలేదు. లాకప్‌లోకి కూడా వినబడుతున్నాయి. గోడ మీద గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. రెండు గంటలు దాటింది. ఎవరూ ఆపలేదు.