మూడో పిలుపు

మా మామ కొలిపాక రాయమల్లుకు సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరుపుతామని నాగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తింది మా తమ్ముడు గోపాల్. వాడికి హిందీ, మరాఠీ రెండూ బాగానే వచ్చు. కానీ అవతల మాట్లాడేది ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరని తెలియగానే రెండూ మరిచిపోయి, పదిసార్లు "హా జీ" అని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. ముప్పై ఏళ్ళు ఈ మహారాష్ట్ర బొగ్గు ఊరు ఘుగ్గుస్‌లో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నాకు ఆఫీసర్లంటే భయం లేదు. చెప్పినవన్నీ కాగితం మీద రాసుకున్నాను.

పూలతో అలంకరించిన బండి వస్తుంది. పాడె మీద జాతీయ జెండా కప్పుతారు. దాని మీద మామ టోపీ, పతకాలు పెడతారు. వర్ధా నది ఒడ్డున తుపాకులు పేలుస్తారు, బ్యూగిల్ ఊదుతారు. చివర్లో జెండాను మడిచి దగ్గరి బంధువుకు ఇస్తారు. మామకు పిల్లల్లేరు, అత్త నాలుగేళ్ళ క్రితమే పోయింది. దగ్గరి బంధువంటే ఆయనకంటే ఐదేళ్ళు పెద్దదైన అక్క సమ్మక్క, అంటే మా అమ్మ.

ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ఎనభై ఐదేళ్ళ మనిషి, చంద్రపూర్ నుంచి మా ఇంటికి తెచ్చిన తమ్ముడి శవం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతా విని ఒక్కటే అడిగింది.

"దింపుడు కల్లం ఏడ?"

కాగితంలో అది లేదు. వాళ్ళకు దాని సంగతే తెలియదు. మా దగ్గర శవాన్ని తీసుకుపోయేటప్పుడు దారి మధ్యలో ఒకచోట పాడె దింపుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే వినపడి లేస్తాడేమోనని. ఎవరూ లేవరు. అయినా పిలవకుండా ఎవర్నీ సాగనంపం.

బండి ఆగదేమో అన్నాను. ఆగకపోతే బండికి అడ్డం పడుకుంటానని చెప్పింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషని ఘుగ్గుస్ కాలనీలో అందరికీ తెలుసు.

అమ్మ పట్టుదలకు కారణం ఉంది. డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం జరుగుతున్నప్పుడు మామ విమానం సరిహద్దు అవతల కూలిపోయింది. మనిషి కనిపించడం లేదని టెలిగ్రాం వచ్చింది. నాకప్పుడు ఐదేళ్ళు. తాత రాజలింగు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. నెల రోజులు చూశారు. ఇంకో కబురు రాలేదు. పెద్దమనుషులు కూర్చుని, ఆత్మ తిరుగుతుంటది, కర్మ చేసెయ్యాలని తేల్చారు. శవం లేదు కనుక మోదుగాకులతో బొమ్మ చేశారు. ఆ బొమ్మను పాడె మీద పెట్టి, నాలుగు రోడ్ల దగ్గర దింపి, అమ్మ దాని చెవి ఉండాల్సిన చోట నోరు పెట్టి మూడుసార్లు పిలిచింది.

కర్మ అయిన ఇరవై రెండో రోజున రెడ్‌క్రాస్ కార్డు వచ్చింది. మామ బతికే ఉన్నాడు, ఖైదీగా ఉన్నాడు.

ఇక చూడాలి మావాళ్ళ అవస్థ. తాత గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగా మొలవనే లేదు. బతికున్న కొడుకుకు పిండం పెట్టానని ఆయన నెల రోజులు ఎవరి మొహమూ చూడలేదు. ఏడాది తర్వాత మామ కుంటుకుంటూ తిరిగొచ్చాడు. కర్మ జరిగిపోయిన మనిషి ఇంట్లోకి రావాలంటే మళ్ళీ పుట్టాలని, మళ్ళీ పేరు పెట్టాలని పెద్దలన్నారు. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టడం మా ఆనవాయితీ. ఆరడుగుల పైలట్ చాటలో ఎలా పడతాడు? పాదాలు రెండూ చాటలో పెట్టించి అయిందనిపించారు. మామ నవ్వుతూ అన్నిటికీ ఒప్పుకున్నాడు గాని, పేరు మారుస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు.

"ఆ పేరొక్కటే అక్కడికెల్లి తెచ్చుకున్న. దాన్ని మార్చకుండ్రి," అన్నాడట.

ఆ మాట అర్థం నాకు పెద్దయ్యాకగాని తెలియలేదు. విమానం నుంచి దూకినప్పుడు ఆయన నడుము దెబ్బతింది. ఆ నడుముతోనే గంటలు గంటలు నిలబెట్టి ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఎన్ని విమానాలున్నాయి, ఎక్కడెక్కడున్నాయి. ఆయన పేరు, హోదా, నంబరు చెప్పేవాడు. కొట్టేవాళ్ళు. మళ్ళీ పేరు, హోదా, నంబరు. పదకొండు రోజులు ఆ మూడు తప్ప ఆయన నోట్లోంచి నాలుగో ముక్క రాలేదు. తర్వాత నాలుగడుగుల వెడల్పున్న గదిలో ఒంటరిగా పెట్టారు. అక్కడ ఆయన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు, నంబరుతోనే పిలిచేవాళ్ళు. కళ్ళు మూసుకుని మా కాలనీ క్వార్టర్లన్నీ వరసగా తిరిగేవాడట. ఒక్కో తలుపు దగ్గర ఆగి, ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పుకుని ముందుకు పోయేవాడట. ఈ సంగతులు ఎవరన్నా అడిగితేనే చెప్పేవాడు, అదీ వేరే ఎవరికో జరిగినట్టుగా చెప్పేవాడు. చంద్రపూర్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆయన పడకగది తలుపు ఏ కాలంలోనూ మూసింది లేదు. ఇంత మనిషి మా మామ అని నాకు ఎప్పుడూ గర్వమే. దాచుకోవాల్సిన పనేముంది?

తను పిలిచింది కనుకే తమ్ముడు తిరిగొచ్చాడని అమ్మ నమ్మకం. ఒకసారి మామ ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను, ఆ రోజు నిజంగా ఏమన్నా వినిపించిందా అని.

"ఆ దినం ఏం వినపడలే ప్రేమా. అక్కకు చెప్పకు. కాని మిగిలిన అన్ని దినాలు వినపడ్డది."

చిన్నప్పుడు ఆయన బొగ్గు కుప్పలెక్కి ఆకాశం చూస్తూ కూర్చునేవాడట. అన్నానికి రమ్మని అమ్మ ఇంటి ముందు నిలబడి కేకేసేది. మొదటి పిలుపుకు పలికేవాడు కాదు, రెండోదానికీ పలికేవాడు కాదు. మూడోదానికి దిగి వచ్చేవాడు. ఖైదులో తలుపు కింది నుంచి పళ్ళెం లోపలికి తోసినప్పుడల్లా ఆ మూడు పిలుపులూ మనసులో అనుకుని, మూడోది అయ్యాకే ముద్ద ఎత్తేవాడట.

పొద్దున ఎనిమిదింటికి ఎయిర్‌ఫోర్స్ బండ్లు వచ్చాయి. అప్పటికే మా వీధి మొదట్లో ఒక నాయకుడి ఫ్లెక్సీ వెలిసింది. అందులో మామ బొమ్మ అరచేయంత, ఆ నాయకుడి బొమ్మ తలుపంత. స్క్వాడ్రన్ లీడర్ నిఖిల్ వానఖడే దిగాడు. ముప్పై దాటని కుర్రాడు, మరాఠీవాడు. వచ్చీ రాగానే మామకు సెల్యూట్ చేసి, అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. మంచివాడే అనుకుని, దింపుడు కల్లం సంగతి మరాఠీలో విడమర్చి చెప్పాను.

అతను కాదనలేదు గాని ఇబ్బంది పడ్డాడు. పాడె మీద జెండా కప్పుతారు. జెండా నేలకు తగలకూడదు. రోడ్డు మీద దింపితే అంచులు దుమ్ములో పడతాయి. అది తన ఉద్యోగానికి సంబంధించిన మాట కాదని, మామకే అవమానమని చెప్పాడు. అతను చెప్పింది నిజమే. ఏటా జనవరి ఇరవై ఆరున పిల్లలకు నేను చెప్పే మాటే అది.

జెండా కప్పకముందే ఇంటి ముందు దింపితే సరిపోతుందా అని అడిగాడు. అమ్మ ఒప్పుకోలేదు, నడి తొవ్వల దింపాలంది. గోపాల్‌కు ఒక ఆలోచన వచ్చింది. చౌరస్తాలో చాయ్ హోటల్ బల్ల ఉంది, దాని మీద పెడదామన్నాడు. అమ్మ వాడివైపు చూసిన చూపుకు వాడు వెళ్ళి వాకిట్లో నిలబడ్డాడు.

చివరికి నిఖిల్ అమ్మ ముందు గొంతుక్కూర్చుని, అసలు కిందికి దింపడం ఎందుకని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

"నా నోరు వాని చెవికి అందాలె బిడ్డా. గంతే," అంది అమ్మ.

అతను ఏ మాటా ఇవ్వలేదు. లేచి వెళ్ళి తనవాళ్ళతో ఏదో మాట్లాడాడు. బండి కదిలింది. అమ్మ చెయ్యి పట్టుకుని వెనక నడుస్తున్నాను. బండి ఆగకపోతే ఈ ముసలామె నిజంగానే చక్రాల కిందికి వెళుతుందని నా భయం. నేను ఆపగలనా అని ఒకటే గుబులు. షిఫ్ట్ దిగిన బాయి కార్మికులు మసి మొహాలతోనే రోడ్డుకు రెండు పక్కలా నిలబడి ఉన్నారు. తెలుగువాళ్ళు, మరాఠీవాళ్ళు, బీహారువాళ్ళు. అందరి టోపీలూ చేతుల్లోనే ఉన్నాయి.

చౌరస్తా వచ్చింది. నిఖిల్ చెయ్యెత్తాడు. బండి ఆగింది.

ఆరుగురు జవాన్లు పాడెను భుజాల మీదికి తీసుకున్నారు. నిఖిల్ మెల్లగా ఏదో అన్నాడు. పాడె భుజాల నుంచి చేతుల్లోకి దిగింది. అప్పుడు ఆరుగురూ ఒక్కసారే కుడి మోకాళ్ళు రోడ్డు మీద ఆనించి వంగారు. పాడె నేలకు జానెడు ఎత్తున ఆగింది. జెండా అంచులు వేలాడబోతుంటే నిఖిల్ కూడా మోకాలి మీద కూర్చుని వాటిని రెండు చేతుల్లోకి పోగు చేసుకున్నాడు. ఇస్త్రీ చేసిన అతని ప్యాంటు బొగ్గు దుమ్ములో ఉంది. జెండా మాత్రం అతని చేతుల్లో ఉంది.

బొగ్గు లారీల డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ఇంజన్లు ఆపేశారు. ఘుగ్గుస్ చౌరస్తాలో అంత నిశ్శబ్దం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

అమ్మ నా చెయ్యి వదిలేసి వెళ్ళి తమ్ముడి తల దగ్గర కూర్చుంది. టోపీని కదిలించకుండా, జెండాను ముట్టకుండా, చెవి దగ్గరికి వంగింది.

"రాయమల్లూ."

ఆగింది. అందరం ఆయన మొహం వైపే చూస్తున్నాం. చదువుకున్నదాన్ని, రిటైరైన టీచర్ని, నేనూ చూస్తున్నాను.

"రాయమల్లూ."

మళ్ళీ ఆగింది. జవాన్లు పాడె పట్టు సర్దుకున్నారు. ఒకడి చెంప మీదుగా చెమటో కన్నీళ్ళో కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. త్వరగా కానిమ్మని ఎవరూ అనలేదు.

"రాయమల్లూ, బువ్వ సల్లారుతుంది. రా."

ఈసారి చాలాసేపు ఆగింది. చెవి దగ్గరే వంగి, తల కొంచెం పక్కకు తిప్పి, జవాబు కోసం వింటున్నట్టే ఉంది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా లేచింది.

"మూడో పిలుపుకు గూడ రాలే. ఇగ నిజంగనే పోయిండు," అంది. నిఖిల్ వైపు తిరిగింది. "లేపుండ్రి బిడ్డా. మీరు చేసే మర్యాద చెయ్యుండ్రి."

దింపుడు కల్లం దగ్గర నుంచి ఆడవాళ్ళు వెనక్కి తిరగడం మా ఆచారం. అమ్మ తిరగలేదు. జెండా తీసుకోవాల్సింది నేనే కదా అంటూ నది దాకా నడిచింది. వర్ధా ఒడ్డున జవాన్లు తుపాకులు తలకిందులు చేసి తలలు వంచారు. చితి మీదికి చేర్చే ముందు జెండా తీసి మడిచారు. నిఖిల్ గట్టిగా చదివాడు. వింగ్ కమాండర్ కొలిపాక రాయమల్లు, వీరచక్ర. ఆ తర్వాత ఆయన నంబరు కూడా చదివాడు. పేరు, హోదా, నంబరు. ఆ మూడింటి కోసం పదకొండు రోజులు దెబ్బలు తిన్న మనిషి గుర్తొచ్చి నేను ఏడ్చాను. గోపాల్ నిప్పు పెట్టాడు. తుపాకులు పేలాయి, అవతలి ఒడ్డున కొంగలు లేచాయి. బ్యూగిల్ అయ్యేదాకా అమ్మ కదలకుండా నిలబడింది.

నిఖిల్ మడిచిన జెండా, టోపీ, పతకాలు తెచ్చి అమ్మ చేతుల్లో పెట్టి సెల్యూట్ చేశాడు. మోకాలి మీద మసి అలాగే ఉంది. అమ్మ దాన్ని చూసింది. కొంగుతో దులపబోతే అతను ఆపి, ఉండనివ్వమన్నాడు.

ఇంట్లో నిన్నేమని పిలుస్తారని అడిగింది. నేను మరాఠీలో చెప్పాను. అంతమంది జవాన్ల ముందు చెప్పడానికి అతను కొంచెం తటపటాయించాడు. బుడ్డోడా అన్నట్టు, బాళ్యా అంటారని మెల్లగా చెప్పాడు.

"బాళ్యా, మీ అమ్మ పిలిస్తే మొదటి పిలుపుకే పలుకు బిడ్డా," అంది అమ్మ.

ఆ మాట మరాఠీలో చెప్పకుండా నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. గోపాల్ చెప్పాడు.