ఫ్రిజ్‌లో లకుముకిపిట్ట

పక్షుల బొమ్మలు గీసిన ఓ పాతకాలపు చిత్రకారుడి జీవితాన్ని పిల్లల బొమ్మల పుస్తకంగా వేస్తున్న సంపాదకుడికి, బొమ్మలేసే అమ్మాయి మీద మొదటినుంచీ అనుమానమే. ఈకలు అంత అచ్చుగుద్దినట్టు ఎలా వస్తాయి? ఎక్కడో కాపీ కొడుతోంది! దొంగను పట్టేద్దామని చెప్పాపెట్టకుండా ఆమె ఇంటికి వెళ్లాడు. మంచినీళ్ల నెపంతో వంటగదంతా కలియజూసి ఫ్రిజ్ తెరిచాడు. పాలగిన్నె పక్కన చచ్చిన లకుముకిపిట్ట!

"చంపి గీస్తున్నావా, తల్లీ?"

"కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిపోయింది సార్, చూసి గీద్దామని దాచాను. తుపాకీతో కాల్చి, తీగలు గుచ్చి నిలబెట్టి గీసింది మన పుస్తకంలో పెద్దాయన. పిల్లలు జడుసుకుంటారని ఆ పేజీ పీకేసి, అట్ట మీద 'పక్షుల నేస్తం' అని వేయించింది మీరేగా!"

సంపాదకుడు ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా మూసేశాడు.