బానెట్‌కి కోసిన కిటికీ

కొండమీద మూడోసారి బండి ఆగిపోయిన రోజు కల్సోం అరవలేదు, తిట్టలేదు. మాకు భయం పుట్టింది అందుకే. కువే పళ్లాలన్నీ, అంటే కొబ్బరిపాలతో చేసే మిఠాయిల పళ్లాలు, దారినపోయే దురియన్ పళ్ల వ్యానులోకి ఎక్కించి, తానూ ఎక్కి, సిరంబాన్ పట్నం వైపు దిగి అమ్ముకుని, సాయంత్రం బస్సులో ఇంటికొచ్చింది. కాళ్లు కడుక్కుని కూతురు సురయాని పిలిచింది.

“వచ్చే శనివారం కొండకి అవతల పంతాయ్‌లో పెళ్లికి ఆరు వందల కువేలు ఒప్పుకున్నాను. మూడింటికల్లా అక్కడ ఉండాలి. ఆ రోజు నీ టర్బో కొండ దాటితే బండిలోనే ఉంటుంది. దాటకపోతే ఆదివారం పొద్దున్నే దాన్ని పీకి పాత ఇంజన్ పెట్టెయ్. మళ్లీ నా బండి మీద చెయ్యి వెయ్యకు.”

“సరేనమ్మా,” అంది సురయా. ఇంకో మాట లేదు. తల్లీ కూతుళ్లది ఒకటే మట్టి.

మా జెలెబు జిల్లా వైపు ఇల్లూ పొలమూ ఆడవాళ్ల పేరనే ఉంటాయి. మొగుళ్లం మేం అత్తారింట్లో అతిథులం, కాకపోతే గిన్నెలు కడిగే అతిథులం. కాబట్టి బండీ కల్సోందే, మాటా కల్సోందే. నేను ఆమె అక్క మొగుణ్ని. ఊరంతా నన్ను పాక్ లాంగ్ అంటుంది, పెదనాన్న అన్నమాట. ముప్ఫై ఏళ్లు లారీ నడిపినవాణ్ని గనక ఇంజన్ల విషయంలో నా మాటకి ఊళ్లో విలువ ఉండేది. ఆ వారం వరకూ ఉండేది.

అసలు ఆ చిన్న బండికి టర్బో, ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే ఆ ఫ్యాను, ఎందుకంటారా? పాత ఇంజన్‌తో కల్సోమూ, పన్నెండు పళ్లాలూ బుకిత్ తంగ్గా కొండ ఎక్కాలంటే, వెనకాల నడిచొచ్చే ముసలావిడ వాళ్లకంటే ముందు పైకి చేరేది. కొబ్బరిపాల కువే ఎండలో ఎంతసేపని ఆగుతుంది? సగం పళ్లాలు పులిసిపోయేవి. సురయా సిరంబాన్‌లో మెకానిక్ పని నేర్చుకొచ్చిన పిల్ల. జపాన్ నుంచి సగానికి కోసి పంపిన పాత బండిలోంచి టర్బో ఇంజన్ తీసి తల్లి బండికి బిగించింది. పొద్దున పూట అది కొండని నాలుగు గుక్కల్లో తాగేసేది. మధ్యాహ్నం మాత్రం ఇంజన్ కింద వేడి పేరుకుని, పీల్చే గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టు వచ్చి, బలమంతా దిగజారి సగం కొండలో కూలబడేది.

“వేడంటే నన్నడగండి,” అన్నాను ఆ సాయంత్రం, టైర్ల దుకాణం ఆ ఫాట్ (‘ఆ’ కూడా అతని పేరులోదే) వింటూ ఉండగా. “డెబ్బై తొమ్మిదిలో నా లారీ ఇంజన్ మీద ఎండుచేపలూ మిరపకాయలూ పెట్టి కింద బయల్దేరితే, కొండమీదికి చేరేసరికి సంబల్ పచ్చడి తయారు. ఒకసారి ఆ వాసనకి పులి వచ్చి రోడ్డుకి అడ్డంగా కూచుంది. అన్నం కూడా పెడితేగాని లేవనంది. అప్పుడే నేను బానెట్ వెనక కీళ్ల కింద రెండేసి వాషర్లు పెట్టి, వెనకంచు వేలెడు పైకి లేపాను. వేడంతా ఆ సందులోంచి బయటికి పోయింది. ఆ తరవాత చేపలు పచ్చివి పచ్చిగానే ఉండిపోయాయి. ఆ పులికి ఇప్పటికీ నామీద కోపమే.”

“పోయినసారి అది ఎలుగుబంటి,” అన్నాడు ఆ ఫాట్.

“ఎలుగుబంటి వేరే రోజు.”

నవ్వారు గాని, ఊళ్లో బళ్లన్నిటికీ ఆ వాషర్లున్నాయి. సురయా బండికీ ఉన్నాయి. పెట్టింది నేనే.

మర్నాడు సురయా పని మొదలుపెట్టింది. తల్లి పాకం చూసుకునే తీగ థర్మామీటర్ తెచ్చి, దాని మొనని ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి దూర్చింది. బయట ముప్ఫై మూడు డిగ్రీలు, గొట్టంలో డెబ్బై రెండు.

“చూశావా పాక్ లాంగ్, ఇది గాలి కాదు, సూప్,” అంది.

గాలి వడగట్టే ఫిల్టరు ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ గొట్టం పక్కనే ఉంది. దాన్ని తీసుకెళ్లి ముందు బంపర్ మూలకి, బయటి గాలి తగిలేచోటికి మార్చింది. ఎగ్జాస్ట్ గొట్టానికి మంటకి ఆగే గుడ్డ పట్టీ తడిపి బిగుతుగా చుట్టింది. రంజాన్ పండక్కి కొన్న బిస్కెట్ల రేకు డబ్బా కోసి టర్బోకీ ఫిల్టరుకీ మధ్య అడ్డు పెట్టింది. ఇంజన్ నెత్తిన కూచుని ఉడికే ఇంటర్‌కూలర్ని, అంటే టర్బో తోసే గాలిని చల్లబరిచే జల్లెడని, రేడియేటర్ ముందుకి తెచ్చింది. ఇదంతా రెండు రోజులు. చేతులు బొబ్బలెక్కాయి. వంటింట్లోంచి కల్సోం చూసేది, వెన్న పంపేది, మాట మాత్రం పంపేది కాదు.

బుధవారం మళ్లీ కొలిచాం. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే యాభై ఒకటి. సంతోషించాం. పొలాల పక్కన తిన్నని రోడ్డు మీద ఎనభై వేగంతో తోలితే యాభై తొమ్మిది.

సురయా బండి పక్కకి ఆపి ఆ అంకె వైపే చూస్తూ కూచుంది. “వేగం పెరిగితే గాలి ఎక్కువ తగలాలి. చల్లబడాలి. ఇదేంటి, కాగుతోంది?”

“థర్మామీటర్‌కి పాకం చూడటమే వచ్చేమో,” అన్నాను.

ఆమె నవ్వలేదు. సాయంత్రం ఆ ఫాట్ దగ్గర రెండు బారల సన్నటి పారదర్శకపు గొట్టం తెచ్చింది. దాన్ని వంకీలా వంచి, పిల్లల చెక్క స్కేలుకి కట్టి, అందులో నీళ్లు పోసింది. కనబడాలని ఇంత గులాబీ షర్బతు కలిపింది. గొట్టం ఒక కొస నా ఒళ్లో, బండి లోపల. రెండో కొస తలుపు రబ్బరు సందులోంచి బయటికి పోయి, బానెట్ మీద టేపుతో అంటుకుంది.

“అక్కడ గాలి లోపలికి నెడుతోందో, బయటికి లాగుతోందో ఇది చెబుతుంది. అద్దాలు మూయాలి, ఏసీ ఆపాలి. నువ్వు స్కేలు చూసి చెప్పు,” అంది.

“నన్ను ఉడకబెట్టి తింటారా ఏం?”

“ఉడికే మాంసం కాదులే నీది.”

మొదట ఆ కొసని బానెట్ వెనకంచు దగ్గర, నా వాషర్లు లేపిన సందులో అంటించింది. ఎనభైకి చేరాం. ఒంట్లో నీళ్లన్నీ చెమటై పోతున్నాయి. గొట్టంలో షర్బతు బానెట్ వైపు బొటనవేలి గోరంత కిందికి దిగి, నా వైపు అంతే పైకి లేచింది.

“ఏమైంది?”

నాకు అర్థమైంది. అయినా, “కదల్లేదు,” అన్నాను.

ఆమె మెడ సాచి చూసింది. “పాక్ లాంగ్, అది నిన్ను చూస్తోంది. పైకొచ్చి మరీ చూస్తోంది. అక్కడ గాలి లోపలికి నెడుతోంది. ముందు అద్దానికి కొట్టుకున్న గాలి ఆ సందులో దూరి, వేడిని బయటికి పోకుండా తలుపు మూసేస్తోంది.”

“ఇవాళ గాలి అటునుంచి ఉంది,” అన్నాను.

ఆమె బండి తిప్పి అదే వేగంతో వెనక్కి తోలింది. షర్బతు మళ్లీ అలాగే లేచింది. ఈసారి కొంచెం నా సరోంగ్ లుంగీ మీద కూడా పడింది. నిలబడ్డ బండిలో వేడి ఆ సందులోంచి పైకి లేస్తుంది, నిజమే. అది చూసే నేను నలభై ఏళ్లు ఊరికి పాఠం చెప్పాను. పరిగెత్తే బండిలో బానెట్ మీద కూచుని చూసినవాడెవడు?

“ఆ ఫాట్‌కి చెప్పకు,” అన్నాను.

“చెప్పను,” అంది. మర్నాడు పొద్దున కాఫీ దుకాణంలోకి అడుగుపెట్టగానే ఆ ఫాట్ లేచి నాకు గులాబీ షర్బతు తెప్పించాడు. “పులి పంపింది, పాక్ లాంగ్,” అన్నాడు. నేను తాగాను. ఏం చేస్తాను?

సురయా వాషర్లు తీసేసి, వెనకంచు పొడుగునా రబ్బరు పట్టీ అంటించి మూసేసింది. వేగంలో ఏడు డిగ్రీలు తగ్గింది. కాని ఇప్పుడు నెమ్మదిగా పోతే వేడికి దారి లేక అంకె పైకి పోతోంది. కొండమీద లారీ వెనక ఇరుక్కుంటే చాలు, పాత కథే. వేడికి గుమ్మం కావాలి, అదీ గాలి బయటికి లాగేచోట.

గురువారం ఆ కొసని బానెట్ మీద పది చోట్లకి మార్చి మార్చి తిరిగాం. నా వీపు మీద చెమటపొక్కులు బొబ్బర్లంత లేచాయి. ముందంచుకి జానెడు వెనక పెట్టినప్పుడు మాత్రం షర్బతు బానెట్ వైపు రెండు వేళ్ల ఎత్తు ఎగబాకింది. లాగుతోంది. దాని కిందే రేడియేటర్ వేడంతా ఉంటుంది. నెమ్మదిగా పోయినా అక్కణ్ణించి పైకే పోతుంది.

ఒక్కటే చిక్కు. సరిగ్గా అక్కడే బానెట్‌కి అడ్డంగా పసుపు రంగు అక్షరాలతో ‘కల్సోం కువే, క్వాలా క్లావాంగ్’ అని మా ఊరి పేరుతో సహా, కింద ఫోన్ నంబరూ రాసి ఉంది. బండి కొన్న రోజున కల్సోం దగ్గరుండి రాయించుకున్న పేరది.

శుక్రవారం సురయా సుద్దముక్కతో గీత గీసింది. గ్రైండర్ చేతిలోకి తీసుకుంది. పెట్టింది. మళ్లీ తీసుకుంది. నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం ఊళ్లో వార్త అవుతుంది, అయినా మాట్లాడలేదు.

కల్సోం పిండి చేతులతో బయటికొచ్చింది. సుద్దగీత చూసింది. పేరు చూసింది.

“ఇక్కడే కొయ్యాలా?”

“ఇక్కడే. పక్కకి జరిపితే పని చెయ్యదు.”

“కోశాక వద్దనుకుంటే అతకగలవా?”

“లేనమ్మా.”

“రేపు ఆగితే ఇంజనూ పోతుంది, పేరూ పోతుంది.”

“అవును.”

కల్సోం అక్షరాల మీద పిండి వేలు ఒకసారి నడిపింది. “నా కువే తిన్నవాడెవడూ బానెట్ చదివి తినలేదు. వంకర పోకుండా కొయ్యి,” అని లోపలికెళ్లిపోయింది.

నిప్పురవ్వలు లేచాయి. బారెడు పొడుగున, అరచేయంత వెడల్పున రేకు తెగి పడింది. పేరులో సగం దాంతోపాటే పోయింది. ఆ కిటికీకి వెనక్కి వాలిన రేకు పట్టీలు మూడు అమర్చి, వాన పడితే ఇంజన్ మీద కారకుండా కింద చిన్న దోనె బిగించింది.

శనివారం ఒంటిగంటన్నరకి ఎండ రోడ్డుని మరిగిస్తోంది. కల్సోం స్టీరింగ్ పట్టుకుంది. సురయా పక్కన థర్మామీటర్‌తో. వెనక పళ్లాలు కప్పుదాకా.

“పాక్ లాంగ్, మీరూ ఎక్కండి,” అంది కల్సోం.

“చోటేదీ?”

“ఒళ్లో రెండు పళ్లాలు పెట్టుకోండి. పరీక్షంటే పూర్తి బరువుతోనే జరగాలి.”

తలుపుకీ పళ్లాలకీ మధ్య నన్ను కుక్కి మూశారు. మోకాళ్లు చెవుల దగ్గరికొచ్చాయి. కొండ మొదలైంది. మొదటి మలుపులు తేలిగ్గా తిరిగాం. నలభై రెండు, నలభై నాలుగు. నాలుగో మలుపు దాటగానే ఇసక లారీ. పదిహేను వేగంతో మూలుగుతూ పోతోంది.

“ఎంత?” అంది కల్సోం.

“నలభై తొమ్మిది.”

లారీ పొగ, మలుపు మీద మలుపు. యాభై మూడు. యాభై ఏడు. ముందు అద్దంలోంచి చూస్తే బానెట్ కిటికీ మీద రోడ్డూ చెట్లూ నీళ్లలో బొమ్మల్లా వణుకుతున్నాయి. వేడి బయటికొస్తోంది. ఎంతొస్తోందో, ఎంత మిగులుతోందో ఎవరికి తెలుసు?

“అరవై ఒకటి,” అంది సురయా. “అమ్మా, ఆ మలుపులో పక్కకి ఆపుదాం. అయిదు నిమిషాలు బానెట్ ఎత్తి ఉంచుదాం.”

“ఆపితే మళ్లీ కదులుతుందని నమ్మకమా?”

సురయా థర్మామీటర్ మీదికి వంగింది.

“నిన్న కోసినప్పుడు చెయ్యి వణికిందా?”

“లేదు.”

“ఇప్పుడూ వణకనివ్వకు. అంకె చెప్పు.”

“అరవై రెండు.”

రోడ్డు కాస్త తిన్నబడింది. లారీవాడు ఎడమవైపు దీపం వెలిగించి ఆర్పాడు, దాటమని. కల్సోం గేరు కిందికి తోసి, కాలు నేలకంటా నొక్కింది. టర్బో ఈల వేసింది. పళ్లాలన్నీ ఒక్కసారిగా నా పక్కటెముకల మీదికొచ్చాయి. నా లారీ రోజుల్లో కూడా అలాంటి తోపు చూడలేదు, ఈసారి పులిమీద ఒట్టు కూడా పెట్టక్కర్లేదు. లారీ కిటికీలోంచి డ్రైవరు మొహం, సరిగ్గా నా మొహం పక్కనుంచి, వెనక్కి జరిగిపోయింది.

“యాభై ఏడు,” అంది సురయా. “యాభై రెండు.” కాసేపాగి, “అమ్మా, నలభై ఏడు.”

కల్సోం ఇక అడగలేదు. మూడుసార్లు బండి చచ్చిన మలుపు వచ్చింది, పోయింది. పైన కోతులు కూచునే గోడ దాటాక గాని నేను ఊపిరి వదల్లేదు. వదలడానికి చోటు లేదు కూడా.

పంతాయ్‌లో పెళ్లిపందిరి కింద పళ్లాలు దించేసరికి రెండున్నర కాలేదు. పెళ్లికూతురి మేనత్త ఆకుపచ్చ సెరిముక కువే ఒకటి వాసన చూసి, నోట్లో వేసుకుని, ఇంకోటి తీసుకుంది. “వచ్చే నెల మా చెల్లెలింట్లో కూడా పెళ్లి. పోర్ట్ డిక్సన్‌లో. ఇంకా దూరం, సముద్రం పక్కన. ఎనిమిది వందలు కావాలి. అంత దూరం తేగలరా?”

సురయా తల్లి వైపు చూసింది. కల్సోం కూతురి వైపు చూడకుండా, “తెస్తాం,” అంది.

తిరిగి బండి దగ్గరికొచ్చాక వెనక తలుపు తెరిచి, ఖాళీ పళ్లాలు లోపలికి తోస్తూ కొలతగా చూసింది.

“ఎనిమిది వందలంటే ఇంకో నాలుగు పళ్లాలు. సురయా, ఈ వెనక సీటు పూర్తిగా తీసెయ్యి. పాక్ లాంగ్ బస్సులో వస్తారు.”