తంగేడు తల్లివేరు

గండికోటకు పోయే దారి పక్కన, గుట్ట వాలున తంగేడు పొదల మధ్య సమీరా మూడు గుంతలు తవ్వించింది. మూడింట్లోనూ పలుగు పోటుకు తల్లివేరు తెగింది. కడప నుంచి పరిశోధనకు వచ్చిన ఆ అమ్మాయికి కావలసింది బతికున్న వేరు. దానికి మూడు సన్నని సూదులు గుచ్చాలి. నడిమి సూది కాస్త వేడెక్కుతుంది. ఆ వేడి పైసూదికి ఎక్కువ చేరితే వేరులో నీరు పైకి పోతున్నట్టు, కిందిసూదికి చేరితే కిందికి. ఎండనుబట్టి, గాలిలో తేమనుబట్టి, నేల తడినుబట్టి ఆ నడక ఎలా మారుతుందో తేల్చాలి.

నాలుగో గుంతకు పక్క పల్లె నుంచి రాహేలమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పలుగు ముట్టనే లేదు. బోర్లా పడుకుని, కలుపు తీసే తొలికతో మట్టి గీకుతూ, చీపురు పుల్లతో ఇసుక రాలుస్తూ, మధ్యాహ్నానికి మూరెడు వేరును తోలు గీసుకోకుండా బయటపెట్టింది. ఆమె వేరు పట్టుకుంటే సమీరా మూడు సూదులూ గుచ్చి, గుంతకు మూత వేసింది.

వారం తర్వాత చిన్న వాన పడింది. మరునాడంతా మబ్బు. సూదుల అంకెలు చూసి సమీరా తల పట్టుకుంది.

"ఏం పాపా, అట్ల కూచున్నావు?" అంది రాహేలమ్మ.

"నీళ్లు కిందికి పోతాండాయని చూపిస్తాంది, అక్కా. సూదులు తలకిందులు గుచ్చినానేమో."

"లేదు. ఎర్రదారం సూది పైన ఉండాలని నువ్వే చెప్తివి. పట్టుకున్నది నేనే."

మూత తీసి చూశారు. ఎర్రదారం పైనే ఉంది.

రాహేలమ్మ గుంత అంచు మట్టిని వేలితో గీకి చూసింది. "పోయినేడు నా చేన్లో తంగేడు పెరికినా. పైన వాన తడి జానెడే. దాని కింద ఎండు మట్టి. ఇంకా కిందికి పోతే వేరు చుట్టూ మళ్లా చెమ్మ. అంత లోతుకు వాన దిగలా. చెట్టే దించుకునిందేమో, పాపా."

సమీరా అంకెలు మళ్లీ మొదటినుంచి చూసుకుంది. పుస్తకాల్లో చదివిన సంగతే. ఈ గుట్ట మీద అది జరుగుతుందని తనకు తోచలేదు, ఈమెకు తోచింది.

నేల ఆరాక రాహేలమ్మ ఇంకో పొద వేరు బయటపెట్టింది, సమీరా సూదులు గుచ్చింది. రెండు రోజులు నీరు పైకే నడిచింది, మిట్టమధ్యాహ్నం జోరుగా, సాయంత్రానికి మెల్లగా. మూడోనాటి సాయంత్రం ఇద్దరూ పొద మొదలు చుట్టూ నాలుగు బిందెల నీళ్లు పోశారు. పొద్దున వచ్చి చూస్తే, పొద్దు గూకినప్పటి నుంచి నీరు కిందికే దిగింది. ఎండ ఎక్కగానే మళ్లీ పైకి తిరిగింది.

"కరువుకు దాచుకుంటాంది," అంది రాహేలమ్మ మెల్లగా.

ఈ సంగతి తెలిసి, సమీరా పరిశోధన చూసే ప్రొఫెసరు జ్ఞానరాజు నలుగురు విద్యార్థులతో వచ్చాడు. గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ వేరును చాలాసేపు చూశాడు. "ముప్పై ఏండ్లుగా వేర్లు తవ్విస్తాండా. ఇంత శుభ్రంగా తీసినోళ్లను చూడలేదమ్మా. మా పిల్లోళ్లకు నేర్పిస్తావా?"

రాహేలమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. సమీరా వైపు చూసింది. సమీరా నవ్వుతూ తలూపింది.

"ముందు ఆ పలుగులు దూరంగా పెట్టిరాండప్పా," అంది రాహేలమ్మ. "వచ్చి ఈడ పడుకోండి, నా పక్కన."

విద్యార్థులు ఒక్కొక్కరే మట్టిలో బోర్లా పడుకున్నారు. అందరికన్నా ముందు ప్రొఫెసరే పడుకున్నాడు.